డైనోసారు విరాసత్

ఏప్రిల్ పదకొండో తేదీ ఉదయం తొమ్మిది గంటలకు జాడి పోశం చేలో ఒక ఎముక బయటపడింది. అయిదు రోజులు తిరిగేసరికి ఆ చేను పోశానిది కాకుండా పోయింది.

ఈ రెండింటి మధ్యా ఎక్కడా అక్రమం జరగలేదు. అంతా నిబంధనల ప్రకారమే జరిగింది. పోశం దురదృష్టం అదే.

రాళ్లవాగు ఊరి చివర పోశానికి మూడున్నర ఎకరాలుంది. గట్టు మీదే ఇల్లు. ఇంట్లో భార్య ఓదెమ్మ, వాకిట్లో ఆరు పెట్టలు, ఒక పుంజు. ఈ ఏడు తొలకరి వానకు, మిరుగం కార్తెలో పత్తి గింజ పెట్టాలని, ఆలోపే చేను మూలన బావి తవ్వించాలని పోశం పట్టుదల. జేసీబీ పదడుగులు దిగాక బకెట్‌కు ఏదో తగిలి కీచుమంది. డ్రైవరు బండి ఆపి గుంటలోకి దూకాడు. మట్టిలో మనిషంత పొడుగు రాయి. రాయే కానీ రెండు చివర్లా బొమికకున్నట్టు బుడిపెలున్నాయి.

“బర్రె తొడ బొక్కనా మామా?” అన్నాడు డ్రైవరు.

“బర్రె తొడే గింతుంటే దాని పాలు ఏ చెరువుల పిండాలెరా?” అన్నాడు పోశం.

ఓదెమ్మ వచ్చింది. వంగి చూసింది. చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

“పూడ్సిపెట్టు. మనకెందుకయ్యా గీ పంచాది,” అంది.

పోశం వినలేదు. బడిపంతులు చేత ఫొటో తీయించి జిల్లా మ్యూజియానికి పంపించాడు. ఓదెమ్మ మాట వినకపోవడం అతని మొదటి తప్పు. చివరిది కూడా అదే, ఎందుకంటే ఆ తర్వాత అతను తప్పు చేసే అవకాశం ప్రభుత్వం అతనికి ఇవ్వలేదు.

మర్నాడే మ్యూజియం నుంచి డాక్టర్ ఇందుమతి వచ్చింది. రాళ్లుగా మారిన పాత జంతువుల ఎముకల్ని చదవడం ఆమె ఉద్యోగం. గుంటలో దిగి సాయంత్రం దాకా బ్రష్షుతో మట్టి దులుపుతూ కూర్చుంది. సాయంత్రానికి తొడ పక్కన నడుము, నడుము వెనుక తోక, ముందు పొడుగాటి మెడ వరుసగా తేలాయి.

“డైనోసారు,” అంది. “మూతి నుంచి తోక దాకా నలభై అయిదు అడుగులు.”

“ఏం తింటుండె బిడ్డా గిది?” అంది ఓదెమ్మ. ఎవరొచ్చినా మొదట తిండి సంగతే ఆమెకు పట్టేది.

“ఆకులమ్మా. ఈ పన్ను చూడు. ఆకు ఆకారంలో ఉంది, అంచుకు రంపంలా నొక్కులున్నాయి. కొమ్మ నుంచి ఆకు దూసుకుని మింగేయడమే. నమిలే పన్ను కాదు.”

“మా మామ గూడ గంతే. నమలకుంటనే మింగెటోడు.”

ఇందుమతి నవ్వి, విరిగిన ఎముక అంచు చూపించింది. చెట్టు మానులో ఉన్నట్టు వలయాలున్నాయి. “ఏడాదికొకటి. లెక్కపెడితే నలభై వచ్చాయి. నలభై ఏళ్లు బతికింది.” పక్కనున్న ఇసుకరాతి పలక మీద చాటంత గుండ్రటి అడుగు, దాని పక్కన చిప్పంత చిన్న అడుగులు. “పిల్లల్ని వెంటేసుకుని ఏటి ఒడ్డున నడిచిందన్నమాట. వరదొచ్చి బురద కప్పేసింది. అందుకే చెదరకుండా ఉంది.” తోక దగ్గర నుంచి వంకర కత్తిలాంటి ఇంకో పన్ను తీసింది. “ఇది దీనిది కాదు. మాంసం తినే ఇంకో రకానిది. ఇది చచ్చాక వచ్చి తోక పీక్కు తింది. తింటుంటే పన్ను ఊడింది.”

“నిజాం కన్న ముందటి ముచ్చటనా?” అన్నాడు పోశం.

“పద్దెనిమిది కోట్ల ఏళ్ల కిందటి ముచ్చట.”

పోశం ఆ అంకెను కాసేపు మోసి, మోయలేక కింద పెట్టేశాడు.

ఓదెమ్మ కోడిని కోస్తానంది. ఊరికి ఆఫీసరొస్తే కోడి కోయడం రాళ్లవాగు ఆనవాయితీ. ఇందుమతి వద్దని, పప్పుచారుతో అన్నం తిని వెళ్లింది. ఆ రాత్రి రిపోర్టు రాసింది. నాలుగు పేజీలు. చివరి వాక్యం మాత్రం రాయకుండా ఉంటే బాగుండేది.

“ఎముకలు వరుస చెదరనందున, ఈ జంతువు ఇక్కడే నివసించి, ఇక్కడే మరణించి, నాటి నుంచి నేటి వరకు ఈ స్థలాన్ని వదలలేదని నిర్ధారించవచ్చు.”

నిబంధన ప్రకారం ఒక కాపీ మండల తహసీల్దారుకు వెళ్లింది.

*

తహసీల్దారు విద్యాధర్ ఆ వాక్యాన్ని రెండుసార్లు చదివాడు. మూడోసారి నిలబడి చదివాడు.

ఆ నెల రాష్ట్రమంతటా ‘తొలి అనుభవదారు వారోత్సవాలు’ నడుస్తున్నాయి. సర్క్యులర్ నంబరు నూటపద్నాలుగు స్పష్టంగా చెప్పింది: ఏ భూమిలోనైనా ప్రస్తుత పట్టాదారు కంటే ముందు నివసించినవారి ఆధారాలు భౌతికంగా దొరికితే, వారి పేరు వెంటనే రికార్డుల్లోకి ఎక్కించాలి. మండలానికి కనీసం ఒకరు. పక్క మండలంలో పాత కుండ పెంకు దొరికితే కుమ్మరి పేరు ఎక్కించారు. ఇంకో మండలంలో తుప్పు పట్టిన నాగలి కర్రు దొరికింది. విద్యాధర్ మండలం మాత్రం సున్నా. ప్రతి వారం వీడియో సమావేశంలో కలెక్టరు ఆ సున్నాని పెద్దది చేసి తెర మీద చూపించేవాడు.

“సదానందం!” అని కేకేశాడు విద్యాధర్.

గిర్దావర్ సదానందం వచ్చాడు. ఊళ్లు తిరిగి భూములు చూసే ఉద్యోగం. ముప్ఫై ఏళ్ల సర్వీసులో సందేహమన్నది ఎరగనివాడు.

“సర్క్యులర్‌లో మనిషి అని ఎక్కడైనా ఉందా?”

సదానందం సర్క్యులర్ తిరగేశాడు. “లేదు సార్. ‘నివసించినవారు’ అని మాత్రమే కలదు.”

“కుండ పెంకు ఎన్నేళ్లది?”

“మహా అయితే మూడొందలు సార్.”

“మనది?”

“పద్దెనిమిది కోట్లు సార్.” సదానందం కళ్లు చెమర్చాయి. “రాష్ట్రంలో మనమే ప్రథమం.”

మర్నాడు సదానందం ప్రాథమిక విచారణకు వచ్చి ఒక పెట్టను తిని వెళ్లాడు. పదహారో తేదీన తహసీల్దారు, గిర్దావర్, జీపు డ్రైవరు, బంట్రోతు కలిసి నమోదుకు వచ్చి పుంజును, రెండు పెట్టలను తిన్నారు. భోజనానికి ముందు జరిగిన పని ఇది.

సదానందం ఒడిలో ల్యాప్‌టాప్ పెట్టుకుని గుంట ఒడ్డున కూర్చున్నాడు. పేరు గడిలో ‘డైనోసారు’ అని కొట్టాడు. తండ్రి పేరు గడిలో ‘తెలియదు’. పుట్టిన తేదీ దగ్గర పోర్టల్ మొరాయించింది. పంతొమ్మిది వందలకు ముందు ఎవరూ పుట్టడానికి అది ఒప్పుకోదు.

“ఒకటి, ఒకటి, పంతొమ్మిది వందలు అని వేయుము,” అన్నాడు తహసీల్దారు.

“సంతకం సార్?”

అందరూ గుంటలోకి చూశారు. సంతకం చేసే స్థితిలో ఎవరూ కనిపించలేదు.

“చదువుకోనివారైతే నిశాని చాలును,” అన్నాడు తహసీల్దారు. “వేలిముద్ర.”

నిశాని అక్కడే ఉంది. ఇసుకరాతి మీద చాటంత అడుగు. బంట్రోతు ఊళ్లోకి పరిగెత్తి పెళ్లి పందిరికి వాడే తెల్లటి గుడ్డ తెచ్చాడు. రాతికి రబ్బరు స్టాంపు సిరా డబ్బాలు పదకొండు పూసి, గుడ్డ పరిచి, నలుగురూ నాలుగు మూలలా కూర్చుని అదిమారు. ముద్ర చక్కగా పడింది. కింద సదానందం రాశాడు: ‘ఎడమకాలు. నా సమక్షంలో.’

పోశం చేతికి ఒక కాగితం ఇచ్చారు. ఇందుమూలముగా తెలియజేయునది ఏమనగా, సదరు భూమికి తొలి అనుభవదారు డైనోసారు అయినందున, జాడి పోశం అను వ్యక్తి ఆక్రమణదారుగా గుర్తించబడినాడని, అనుభవదారు లిఖితపూర్వక అంగీకారం లేనిదే దున్నుట, విత్తుట, తవ్వుట చేయరాదని.

“సారూ, గది సచ్చింది గద!” అన్నాడు పోశం.

తహసీల్దారు ఎముక వైపు, పోశం వైపు జాలిగా చూశాడు.

“మరణ ధ్రువపత్రం ఉందా?”

“బొక్కలు గానొస్తున్నయి గద సారూ. పానమున్న దానికి బొక్కలు బయట గానొస్తయా?”

“కనపడటం వేరు, నమోదు కావడం వేరు. మరణం సంభవించిన ఇరవై ఒక్క రోజుల్లో పంచాయతీలో తెలియజేయాలి. తెలియజేయలేదు. కావున రికార్డుల ప్రకారం సదరు అనుభవదారు సజీవులు.”

ఇందుమతి కూడా అదే రోజు వచ్చింది, ఎముకలు మ్యూజియానికి తీసుకెళదామని. ఆమెకూ ఒక కాగితం అందింది. అనుభవదారు అంగీకారం లేనిదే అనుభవదారు ఎముకలు తవ్వరాదు.

“ఆ రిపోర్టు రాసింది నువ్వేనా బిడ్డా?” అన్నాడు పోశం ఆమెతో, వాళ్లు వెళ్లాక.

ఆమె తలొంచుకుంది. “నిజమే రాశాను పోశం. నిజానికి ఇంత పనుందని నాకు తెలియదు.”

వాకిట్లో మూడు పెట్టలు మిగిలాయి. మిరుగానికి యాభై రోజులు.

*

చచ్చిందని రుజువు చేయడానికి ఒకటే దారి. ఆలస్యంగా నమోదయ్యే మరణాలకు పంచనామా కావాలి, పశువైద్యుడు మరణకారణం రాయాలి. పోశం ఎనిమిది రోజులు ఆఫీసు చుట్టూ తిరిగి ఆ రెండూ సాధించాడు. ఇరవై నాలుగో తేదీన ఊళ్లో అయిదుగురు పెద్దమనుషులు గుంట చుట్టూ కూర్చున్నారు. పశువైద్యుడు డాక్టర్ ఖాదర్ స్టెతస్కోపుతో వచ్చాడు. ఫారంలో ‘గుండె చప్పుడు’ అని ఒక గడి ఉంది. ఆయన నిజాయితీపరుడు. దిగి, పక్కటెముకల మీద స్టెతస్కోపు ఆనించి, రెండు నిమిషాలు విని, ‘వినబడలేదు’ అని రాశాడు.

“మృతుడిని చివరిసారి ప్రాణాలతో ఎవరు చూశారు?” అని అడిగాడు సదానందం.

“మా తాత చూసిండేమో సారూ,” అన్నాడు ఒక ముసలాయన. “ఆయన అన్నీ చూసిన్నంటుండె.”

“తాతగారిని పిలిపించండి.”

“ఆయన గూడ సచ్చిండు సారూ.”

“ధ్రువపత్రం ఉందా?”

ముసలాయన గబుక్కున నోరు మూసుకున్నాడు. ఇంకో క్షణం ఆగితే తన ఇల్లు కూడా పోయేలా ఉందని అతనికి అర్థమైంది.

మరణకారణం దగ్గర తోకలో దొరికిన వంకర పన్ను గొడవైంది. సదానందం దాన్ని గుడ్డలో చుట్టి పైకెత్తాడు. “ఇది హత్య అయి ఉండవచ్చును!”

“చచ్చాక తిన్న గుర్తులండీ అవి,” అంది ఇందుమతి. “చంపింది వరద. చుట్టూ ఉన్న ఈ సన్నటి బురద పొర చూడండి, ఒక్కసారిగా కప్పేసింది.”

‘వరదలో మునిగి మృతి’ అని రాసుకున్నారు. వయసు నలభై అని ఎముక వలయాలు చెబుతున్నాయి గనుక, పోర్టల్‌లో పుట్టుక పంతొమ్మిది వందలు గనుక, మరణం పంతొమ్మిది వందల నలభైలో నమోదైంది. ఆ విధంగా ప్రభుత్వ లెక్కల్లో డైనోసార్ల యుగం పంతొమ్మిది వందల నలభైలో ముగిసింది. ఇప్పటికీ అంతే ఉంది.

ఆ రోజు మరో రెండు పెట్టలు పోయాయి. మిగిలింది ఒక్క నల్లపెట్ట. గంపలో గుడ్ల మీద కూర్చుని ఉండటం వల్ల మిగిలింది. పొదుగు మీదున్న కోడిని రాళ్లవాగులో కలెక్టరొచ్చినా లేపరు.

“ఇగ చేను మనదే గద సారూ?” అన్నాడు పోశం, చేయి కడుక్కుంటున్న సదానందంతో.

“అంత తొందరైతే ఎట్లా? పట్టాదారు చనిపోయినచో భూమి ఎవరికి పోవును? వారసులకు. విరాసత్ చేయాలి.”

“దానికి వారసులెవరు సారూ!”

“అదే కదా తెలుసుకోవలసినది.”

*

తహసీల్దారు ఇందుమతికి లిఖితపూర్వకంగా ఒకే ప్రశ్న పంపాడు. ‘మృతుడికి ప్రస్తుతం జీవించి ఉన్న వారసులు గలరా? గలరు / లేరు. ఒకటి కొట్టివేయుము.’

లేరు అని రాస్తే ఏమవుతుందో ఆమె ముందు కనుక్కుంది. వారసులు లేని భూమి ప్రభుత్వానికి పోతుంది. ప్రభుత్వానికి పోతే పోశానికి ఎప్పటికీ రాదు. అందుకని మరోసారి నిజం రాసింది. ఈసారి ఆలోచించి రాసింది.

‘గలరు. మృతుడి సొంత శాఖలో ఎవరూ మిగలలేదు. కానీ డైనోసార్లలోనే రెండు కాళ్ల మీద పరిగెత్తే దాయాది శాఖ ఒకటి ఉండేది. ఆ శాఖ నుంచి పక్షులు వచ్చాయి. ఎముకల్లో గాలి గదులు, మూడు వేళ్ల కాలు, గుడ్లు పొదిగే తీరు ఇందుకు ఆధారాలు. కోడి సైతం ఈ వంశంలోనిదే.’

తహసీల్దారు ఆమెకు ఫోన్ చేశాడు. “తోక కొరికింది ఏ శాఖ?”

“దాయాది శాఖే సార్.”

“అయితే చంపినవాడికి వారసత్వం చెల్లదే!”

“చంపలేదు సార్. చచ్చాకే తిన్నారు.”

“అయితే అభ్యంతరం లేదు,” అన్నాడు తహసీల్దారు. “దాయాదుల్లో అది మామూలే.”

ఇరవై ఎనిమిదో తేదీన సదానందం వచ్చి పోశం ఇంటి తలుపుకు నోటీసు అంటించి, గట్టిగా చదివాడు. మృతుడి భూమికి వంద గజాల లోపు నివసించే కోళ్లు పది రోజుల్లో తమ క్లెయిమ్ దాఖలు చేసుకోవాలి. ప్రతి వారసుడి కాలికి నంబరు ఉంగరం తప్పనిసరి. గడువు తర్వాత జాబితాలో మార్పులు ఉండవు. జూన్ తొమ్మిదో తేదీన విచారణ. ఆ రోజు వారసులు స్వయంగా హాజరు కావాలి.

చదవడం అయ్యాక అలవాటుగా వంటింటి వైపు తలెత్తి వాసన చూశాడు. “ఏం కూర ఓదెమ్మా?”

ఓదెమ్మ గంప ముందు అడ్డంగా నిలబడింది.

“ఉన్నదొక్కటే పెట్ట సారూ. గది ఇప్పుడు వారసురాలని మీరే సదివితిరి. పట్టాదారుకు దాయాదిని కొయ్యమంటరా? కోస్తే రేపు కేసెవలి మీద?”

సదానందం ముప్ఫై ఏళ్ల సర్వీసులో మొదటిసారి రాళ్లవాగులో పప్పుచారు తిన్నాడు. రెండో ముద్దకే మొహం వేలాడింది.

అతను వెళ్లాక ఓదెమ్మ గంప దగ్గర కూర్చుని నల్లపెట్ట తల నిమిరింది. “ఏమయ్యా, ఇప్పటిదాక ఆరుగురు వారసులను ఆళ్లే తినిపోయిండ్రు,” అంది. “గిదొక్కటి నిలవడితె చాలు. చేను మనింట్లనే ఉంటది.”

పోశం చాలా రోజుల తర్వాత నవ్వాడు. ఆ నవ్వు మర్నాటి దాకా కూడా నిలవలేదు.

చేనుకు తూర్పున, గట్టుకు యాభై గజాల్లో దామోదర్ కోళ్లఫారం ఉంది. రెండో షెడ్డు వేయడానికి పోశం చేను అతను మూడేళ్లుగా అడుగుతున్నాడు. పోశం ఇవ్వనంటున్నాడు. ఏప్రిల్ ఇరవైన అతని పాత షెడ్డులోకి కొత్త పిల్లలు దిగాయి. పన్నెండు వేలు.

*

దామోదర్ పన్నెండు వేల క్లెయిములను లారీలో తెచ్చి దాఖలు చేశాడు. ఒక్కో వారసుడి కాలికి నంబరు, ఒక్కో నంబరుకు అర్జీ.

“న్యాయంగనే పోదాం పోశమన్నా,” అన్నాడు ఆఫీసు మెట్ల మీద. “మావోళ్లు పన్నెండు వేలు. నీది ఒక్కటి. పంచుకుంటే నీ పెట్టకొచ్చే పాలు ఎంతనో తెలుసా? అండ్ల అది ఒంటి కాలు మీద నిలవడాలె. రెండో కాలు పెడితె మా జాగ.”

“ఇగురం లేని మాటలు మాట్లాడకు.”

“నేనేం అంటున్న? మీ కోడి మా వాళ్లకు చుట్టమే నాయె. చుట్టాలం కలిసుందాం.” దామోదర్ పగలబడి నవ్వాడు.

మే నెలంతా ఎండ మండింది. పన్నెండో తేదీన నల్లపెట్ట కింద తొమ్మిది పిల్లలు లేచాయి. ఊళ్లో అందరూ దుక్కులు దున్నుకున్నారు. పోశం గట్టు మీద కూర్చుని తన చేను వైపు చూసేవాడు. నాగలి తాకితే ఆక్రమణ. విత్తనాల సంచి దూలానికి వేలాడుతోంది. మిరుగం దాటితే పత్తి పెట్టినా కాయదు. ఆ ఏడాది పోయినట్టే.

“గద్ద ఒక్కటొచ్చి పెట్టను తన్నుకపోతే?” అనేవాడు పోశం.

“గద్ద గూడ వారసురాలే గద. వంద గజాల అవతలుంటది, దానికి హక్కు లేదు,” అని ఓదెమ్మ కర్ర పట్టుకుని ఆకాశం కేసి నిలబడేది. ఆ నెల ఆమె కోడిని మంచం కోడుకు కట్టేసి పక్కనే పడుకుంది.

*

జూన్ తొమ్మిది. తహసీల్దారు ఆఫీసు ఆవరణ.

మబ్బు కమ్మింది. నిన్ననే మిరుగం వచ్చింది. ఓదెమ్మ నల్లపెట్టను చంకలో, తొమ్మిది పిల్లలను గంపలో పెట్టుకుని చెట్టు కింద కూర్చుంది. పోశం నిలబడే ఉన్నాడు. ఇందుమతి సాక్షిగా వచ్చింది. గేటు బయట దామోదర్ వ్యాన్లు ఇరవై. లోపల నుంచి కిచకిచ ఎంత జోరుగా ఉందంటే బంట్రోతు అరిచి పిలవాల్సి వచ్చింది.

తహసీల్దారు కళ్లజోడు పెట్టుకున్నాడు. “విచారణ ప్రారంభించుచున్నాము. కక్షిదారులను జాబితా ప్రకారం హాజరుపరచుము.”

“నంబరు ఒకటి, హాజర్!” అని అరిచాడు బంట్రోతు.

దామోదర్ మనిషి వ్యాన్లోంచి పిడికెడంత కోడిపిల్లను తెచ్చి బల్ల మీద పెట్టాడు. సదానందం భూతద్దంతో దాని కాలు చూశాడు. మళ్లీ చూశాడు.

“సార్, దీని కాలికి ఉంగరం లేదు.”

“నంబరు రెండు, హాజర్!”

దానికీ లేదు. మూడోదానికీ లేదు. నలభై దాకా చూశారు. బల్ల నిండా పసుపుపచ్చ పిల్లలు అటూ ఇటూ నడుస్తూ, ఒకటి తహసీల్దారు సిరా డబ్బాలో కాలు పెట్టింది.

“దామోదర్, మీరు మే నెలలో దాఖలు చేసిన వారసులు ఎక్కడ?”

దామోదర్ గొంతు సవరించుకున్నాడు. “సార్, బాయిలర్ కోడి నలభై రెండు దినాలకు తయారైతది. ఆపితే దాణా దండుగ. మొన్న ఒకటో తారీకు లారీలొచ్చినయి... ఎత్తుకపోయినయి.”

“ఎక్కడికి?”

“పట్నం పోయినయి సార్.”

“పట్నంలో ఇప్పుడు ఏం చేస్తున్నాయి?”

దామోదర్ నేల చూశాడు. “తినేసి ఉంటరు సార్.”

“వారసులనా!” తహసీల్దారు కుర్చీలోంచి లేచాడు. “విచారణ పెండింగులో ఉండగా పన్నెండు వేలమంది కక్షిదారులను తినివేసినారా! ఎవరు? పేర్లు కావాలి!”

దామోదర్ నెమ్మదిగా, “పేర్లు వద్దు సార్,” అన్నాడు.

“ఎందుకు వద్దు?”

“రెండో తారీకు నాడు అవతరణ దినోత్సవానికి ఆఫీసుకు బిర్యాని పంపించిన సార్. అండ్ల ఒకటి నుంచి అరవై నంబరు దాకా...”

సదానందం భూతద్దం కింద పెట్టేశాడు. బంట్రోతు నోరు తుడుచుకున్నాడు, వారం కిందటి బిర్యాని ఇంకా అంటుకుని ఉన్నట్టు. తహసీల్దారు మెల్లగా కూర్చున్నాడు. విచారణాధికారి కక్షిదారును తిన్నచో ఏమి చేయవలెనన్న విషయంలో సర్క్యులర్ నూటపద్నాలుగు మౌనంగా ఉంది.

“ఆ రోజు లెగ్ పీసు తమరిదే సార్,” అన్నాడు బంట్రోతు చిన్నగా. “ఉంగరం గూడ పంటి కింద పడ్డదన్నరు. గింజనుకున్నం.”

“నోరు మూయుము.”

దామోదర్ ఆఖరి ప్రయత్నం చేశాడు. “సార్, పాతయి పోతె ఏమైంది? ఇయి వాటి వారసులు గద. మళ్లా విరాసత్ చేయుండ్రి.”

“డాక్టర్ గారూ,” అన్నాడు తహసీల్దారు ఇందుమతితో. “ఈ పిల్లలు ఆ కోళ్ల సంతానమా?”

“ఆయన్నే అడగండి సార్, పిల్లల్ని ఎక్కడి నుంచి తెచ్చారో.”

“హేచరీ నుంచి సార్,” అన్నాడు దామోదర్. నోరు జారాక నాలుక కరుచుకున్నాడు. “అయినా కోడి కోడే గద...”

“నలభై రెండు రోజుల కోడి గుడ్డు కూడా పెట్టదు,” అంది ఇందుమతి. “ఆ పన్నెండు వేలకూ సంతానం లేదు.”

“గడువు దాటిన పిదప కొత్త పేర్లు చెల్లవు,” అని సదానందం వత్తాసు పలికాడు. బిర్యాని మాట ఫైలుకెక్కకుండా వ్యవహారం త్వరగా ముగించాలన్న ఆత్రం అతని గొంతులో వినిపించింది. “నంబరు పన్నెండు వేల ఒకటి, హాజర్!”

ఓదెమ్మ లేచి వచ్చి నల్లపెట్టను బల్ల మీద నిలబెట్టింది. కాలికి ఉంగరం ఉంది. పెట్ట ఒకసారి తల అటు, ఒకసారి ఇటు తిప్పి ఆఫీసు సిబ్బందినందరినీ చూసింది. తన వాళ్లు ఆరుగురు ఎక్కడికి పోయారో తెలిసినట్టే చూసింది. ఎవరూ దాని కళ్లలోకి చూడలేకపోయారు.

“వయస్సు?”

“మూడేండ్లు సారూ.”

“సంతానం?”

“తొమ్మిది.” ఓదెమ్మ గంప మూత తీసింది.

తహసీల్దారు రాసుకున్నాడు. ఏకైక వారసురాలు. వయస్సు పద్దెనిమిది లోపు గనుక మైనరు. మైనరుకు సంరక్షకుడు కావాలి.

“ఈ మైనరును ఎవరు పోషించుచున్నారు?”

“నేనే సారూ,” అన్నాడు పోశం. “గింజలేస్తున్న, పొద్దుగూకితే గంప కింద మూస్తున్న.”

“సంరక్షకుడు జాడి పోశం మైనరు ప్రయోజనార్థం సదరు భూమిని దున్నుకొనవచ్చును, విత్తుకొనవచ్చును, తవ్వుకొనవచ్చును.” స్టాంపు పడింది. “సంరక్షకుడు మైనరును ఏ కారణం చేతనైనా కోయుట నిషేధము.”

“గంత పాపమెందుకు జేస్త సారూ,” అన్నాడు పోశం. “కోసేటోళ్లు ఎప్పుడు గూడ నేను గాదు.”

ఉరిమింది. పోశం విత్తనాల సంచి గుర్తొచ్చి పరుగు లాంటి నడకతో ఇంటిదారి పట్టాడు.

*

మూడు రోజులు జడివాన పడింది. నాలుగో రోజు పోశం పత్తి పెట్టాడు. చేను అతనిది కాకపోయినా మొలకలు అతనికే మొలిచాయి.

ఎముకలు తీసుకెళ్లడానికి ఇందుమతి వచ్చింది. పట్టాదారు అంగీకారం కావాలి గనుక ఓదెమ్మ నల్లపెట్ట కాలికి సిరా పూసి కాగితం మీద నిలబెట్టింది. మూడు వేళ్ల ముద్ర పడింది. ఇందుమతి దాన్ని చాలాసేపు చూసింది.

“మాంసం తినేవాటి అడుగులు రాళ్లలో దొరుకుతాయి ఓదెమ్మా. అచ్చం ఇవే. కాకపోతే పళ్లెమంత.”

“గట్లనే ఉంటది బిడ్డా. ఎంత పెద్దింటి వాళ్లయినా ఏదో ఒకనాటికి గంప కిందికే వస్తరు.”

ఎముకలు వ్యాన్‌కు ఎక్కాయి. ఖాళీ అయిన గుంటలో ఊట నీరు తేలడం మొదలైంది. అందరూ గట్టు మీద నిలబడి ఉండగా, నల్లపెట్ట పిల్లలను వెంటేసుకుని గుంటకు అవతల, వాన కోసిన ఒడ్డు దగ్గర కాలితో గీరింది. ఇంకోసారి గీరింది. మట్టి జారింది.

తెల్లగా ఏదో మెరిసింది.

ఇందుమతి దగ్గరకు వెళ్లి వంగింది. దవడ. వంకర కత్తుల్లాంటి పళ్లు వరుసగా, ఒక్కటి కూడా చెదరకుండా. మధ్యలో ఒకటి మాత్రం లేదు. ఆ రోజు తోకలో దొరికిన పన్ను సరిగ్గా ఆ సందులో పట్టేలా ఉంది. ఆమె పదిహేనేళ్లుగా కొండలు, వాగులు తిరిగి వెతుకుతున్నది ఇదే.

“పోశం,” అంది గుసగుసగా. “ఇది దొరకడమంటే...”

అప్పుడే మట్టిరోడ్డు మీద మోటారుసైకిలు చప్పుడైంది. సదానందం. మైనరు క్షేమ సమాచార తనిఖీ, నెలకొకసారి.

పోశం ఆమె మొహం చూశాడు. మొలకల వైపు చూశాడు. నిజం చెప్పవద్దని ఒక చదువుకున్న మనిషికి చెప్పడం అతనికి చేతకాలేదు.

ఇందుమతి లేచి నిలబడింది. చెప్పుతో మట్టిని మెల్లగా, ఎంతో ప్రేమగా, దవడ మీదికి తోసింది.

“పద్దెనిమిది కోట్ల ఏళ్లు ఆగింది,” అంది. “ఆయన రిటైరయ్యేది ఎప్పుడు?”

“ఇంక మూడేండ్లు బిడ్డా.”

“ఆగుతుంది.”

సదానందం గట్టెక్కి వచ్చాడు. “ఏమిటక్కడ మట్టి కదిలినట్టుంది? ఏమైనా లభ్యమైనదా?” అని ఆ ఒడ్డు వైపు అడుగేశాడు.

అతనికంటే ముందు నల్లపెట్ట వచ్చింది. కొత్తగా పడిన మెత్తటి మట్టిని రెండుసార్లు గీరి, గుండ్రంగా ఒకసారి తిరిగి, రెక్కలు దించి సరిగ్గా ఆ చోటే కూర్చుంది.

“ఆగుండ్రి సారూ,” అంది ఓదెమ్మ. “పొదుగు మీదున్న కోడిని లేపద్దు.”